పెద్దమ్మ హైవే దాటలేదు

నాలుగేళ్ళ పాటు మా అన్నయ్యను ఆఫీసులో "ట్రాకర్ గారూ" అని పిలిచాను. ఆయన నన్ను "మేడమ్ గారూ" అనేవాడు. అడవిలోంచి నమూనా గొట్టాల పెట్టె తెచ్చి నా టేబుల్ మీద పెట్టి, నేను రసీదు మీద సంతకం పెట్టేదాకా చేతులు కట్టుకుని నిలబడి, "వస్తానండీ" అనేవాడు. "మంచిదండీ" అనేదాన్ని. ఆదివారం వాళ్ళింటికి వెళ్ళినప్పుడు ఈ నాటకం గుర్తొచ్చి ఇద్దరం పొట్ట పట్టుకుని నవ్వేవాళ్ళం. వదిన మాత్రం నవ్వేది కాదు. "అబద్ధంతో ఆడుకుంటే ఏదో ఒకరోజు అదే మనతో ఆడుకుంటుంది" అనేది. వదినకు ప్రతిదీ గోరంతలు కొండంతలు చేయడం అలవాటని నేను కొట్టిపారేశాను.

అబద్ధం చిన్నదే. మా పరిశోధన సంస్థలో ఒక రూలుంది. పని నడిపేవాళ్ళు, అడవిలో తిరిగి నమూనాలు తెచ్చేవాళ్ళు బంధువులు కాకూడదు. దరఖాస్తులో దానికో గడి కూడా ఉంటుంది, "సేకరించే వ్యక్తికి, మీకు ఉన్న సంబంధం" అని. నేను "ఏమీ లేదు" అని రాశాను. అన్నయ్య నా భుజం మీంచి చదివి, "ఏమీ లేదా? చిన్నప్పుడు నిన్ను మెడ మీద మోసుకు తిరిగింది పక్కింటివాడా?" అన్నాడు. అప్పటికి కోత మిల్లు మూతపడి ఆయన ఏడాదిగా ఖాళీగా ఉన్నాడు. పైగా ఆ అడవి ఆయనకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. నాకు ఏడేళ్ళప్పుడు బురదలో అడుగు చూపించి, ఇది ఆడదా మగదా, పరిగెత్తుతోందా మేస్తోందా అని అడిగి, తప్పు చెబితే జెల్లకాయ కొట్టి నేర్పించాడు. నేను జింకల మనిషినయ్యానంటే ఆ జెల్లకాయల చలవే. మిగతా రూళ్ళ విషయంలో కింద వాళ్ళను కాల్చుకు తినేదాన్ని. ఈ ఒక్క రూలు మాత్రం మనవాడి కోసం కదా అని దాటేశాను.

ఇక పని సంగతి. మా అడవిని హైవే మధ్యలో చీల్చుకుని పోతుంది. దాన్ని రెట్టింపు వెడల్పు చేయాలని రోడ్డు ఆఫీసు వాళ్ళ పంతం. చేసేటట్టయితే హైవే మీదుగా మట్టి పోసి, గడ్డి పెంచి, జింకలు నడిచే వంతెన ఒకటి కట్టాలా వద్దా అన్నది తేల్చమని మాకు అప్పగించారు. అటు జింకలు, ఇటు జింకలు ఎలాగూ కలుస్తూనే ఉంటే వంతెన అక్కర్లేదు. కలవకపోతే కట్టి తీరాలి.

కలుస్తున్నాయో లేదో జింకనడిగితే చెప్పదు, పెంటికలను అడగాలి. పెంటిక పైపొరకు జింక పేగుల్లోని కణాలు అంటుకుని ఉంటాయి. తాజావి నాలుగు ఏరి, గొట్టంలో స్పిరిట్ పోసి ముంచి తెస్తే, ల్యాబులో డీఎన్ఏ తీసి, ఏది ఎవరి కూతురో, ఎవరికి ఎవరు ఎంత దగ్గరో లెక్క కట్టొచ్చు. అడవిని కిలోమీటరు చొప్పున అరవై గడులుగా విడగొట్టాం. ముప్పై పడమర, ముప్పై తూర్పు. పడమర నాది, తూర్పు అన్నయ్యది. ఏరిన ప్రతిచోటా దగ్గర్లోని కొమ్మకు ఎర్ర రిబ్బను కట్టాలి, అదే చోట మళ్ళీ ఏరకుండా. మొదటి ఏడాది ఇద్దరం కలిసే తిరిగి గడులు గుర్తుపెట్టాం. తర్వాత మూడేళ్ళు ఎవరి వైపు వాళ్ళం.

జింకల సంసారం మన సంసారానికి తలకిందులు. ఆడపిల్ల తల్లి మేసే చోటు విడిచి కిలోమీటరు కూడా పోదు. చచ్చేదాకా అమ్మ, అమ్మమ్మ, పిన్ని, అక్కల మధ్యే మేస్తుంది. మగపిల్లకు రెండేళ్ళు నిండగానే గుంపులోంచి తరిమేస్తారు. వాడు పది కిలోమీటర్ల అవతల ఎక్కడో తేలతాడు. ఇది చెబితే అన్నయ్య, "అంటే వీళ్ళల్లో మగాళ్ళందరూ ఇల్లరికమేనన్నమాట" అన్నాడు. కాబట్టి పక్కపక్కన మేసే ఆడవాటి మధ్య చుట్టరికం చిక్కగా ఉంటుంది, దూరం పెరిగే కొద్దీ పలచబడుతుంది. హైవే గనక మగవాటిని ఆపేస్తుంటే, రోడ్డు దగ్గర ఆ చుట్టరికం గీత గీసినట్టు తెగిపోవాలి.

అన్నయ్య క్వార్టర్సు హైవేకి పడమర పక్కనే, పన్నెండో గడిలో. ఇంటి వెనక పశువుల కోసం కట్టిన సిమెంటు తొట్టి ఉంది. దాని దగ్గరకు ఒక ముసలి ఆడ జింక తన కూతుళ్ళు, మనవరాళ్ళతో రోజూ వచ్చేది. దాని కుడి చెవి మధ్యకు చీలి ఉండేది. అన్నయ్య దానికి పెద్దమ్మ అని పేరు పెట్టాడు. అది నా కళ్ళముందే వేసిన పెంటికలు ఏరి గొట్టంలో పెట్టుకున్నాను కాబట్టి, ఆ ఒక్క జింక డీఎన్ఏ ఎవరిదన్న అనుమానం లేకుండా నా దగ్గరుంది.

రెండో ఏడాది ఒక ఆదివారం, భోజనాల దగ్గర అన్నయ్య మామూలుగా అడిగాడు.

"ఒకే జింకవి రెండుసార్లు ఏరేశామనుకో, మీకు తెలిసిపోతుందా?"

"ఎందుకు తెలీదు? ఒకే గడిలో, దాని పక్క గడుల్లో పోల్చి చూస్తాం. రెండోసారి వచ్చింది తీసేస్తాం."

"మరి తూర్పువి పడమరవి పోల్చి చూడరా?"

"ఎందుకు చూస్తాం అన్నయ్యా! ఆడ జింక తల్లి కొంగు వదలదని చెప్పానా లేదా? హైవే దాటి అటెందుకు పోతుంది? అన్నీ అన్నిటితో పోలుస్తూ కూర్చుంటే మాకు తెల్లారిపోతుంది."

అరగంట సేపు కంచం ముందు చెయ్యి ఎండబెట్టుకుని మరీ వివరించాను. అన్నయ్య శ్రద్ధగా విన్నాడు. నా చెల్లెలు ఎంత చదువుకుంది అన్నట్టు వదిన వైపు చూశాడు. నాకు చాలా సంతోషమేసింది.

మూడేళ్ళకు ఆరొందల నలభై గొట్టాలయ్యాయి. గడికీ గడికీ సగటు చుట్టరికం లెక్క తీస్తే హైవే దగ్గర గీత లేదు. తూర్పు, పడమర ఒకే కుటుంబంలా ఉన్నాయి. తూర్పు గొట్టాల్లో ఏడు మాత్రం దేనితోనూ కలవకుండా ఎక్కడో దూరంగా పడ్డాయి. అవన్నీ మొదటి నెలవే. కొత్తలో నిల్వ సరిగ్గా చేయలేదేమోనని "పాడైనవి" అని రాసి పక్కన పెట్టేశాను. జింకలకు రోడ్డు అడ్డం కాదని మా ముసాయిదా నివేదిక చెప్పింది. పేపర్లో నా ఫోటో వేశారు. డైరెక్టరు గారు నన్ను పిలిచి భుజం తట్టారు. రోడ్డు ఇంజినీరయితే పెళ్ళివారిలా వచ్చి పలకరించి పోయాడు. నాక్కూడా కళ్ళు కాస్త నెత్తికెక్కిన మాట నిజం.

రోడ్డు సంగతి తేల్చే కమిటీ మీటింగు ఇంకా ఇరవై ఆరు రోజులుందనగా, నివేదిక చదవడానికి వేరే విశ్వవిద్యాలయం నుంచి పెట్టిన ఒక పెద్దమనిషి ఒకే ఒక్క ప్రశ్న పంపాడు. "రోడ్డుకు అటూ ఇటూ రెండు చోట్లా దొరికిన జింకలు ఎన్ని?" అని. ఉంటే గింటే రెండో మూడో తిరుగుబోతు మగ జింకలు తేలతాయి, అవి నా మాటకే బలం అనుకుంటూ, మొదటిసారి తూర్పువి పడమరవి కలిపి పోల్చాను.

నలభై ఒకటి వచ్చాయి. అందులో ముప్పై ఎనిమిది ఆడవి. పెద్దమ్మ ఒక్కతే తూర్పున పదకొండు గడుల్లో ఉంది. ఒక రోజయితే పొద్దున ఆరూ ఇరవైకి పన్నెండో గడిలో నా గొట్టంలోనూ, ఏడింటికి అక్కడికి తొమ్మిది కిలోమీటర్ల అవతల యాభై మూడో గడిలోనూ ఉంది. ముసలి జింక ఆ వయసులో అంత పరుగు తీయదు.

నా గుండెల్లో రాయి పడింది. ఆ రాయి తీసి ఎవరి నెత్తిన వేద్దామా అని చూశాను. ఎదురుగా మా ల్యాబు టెక్నీషియన్ కనబడింది. నాకంటే పదేళ్ళు పెద్ద, మాట తక్కువ. ఏ గొట్టం ఏ రోజు ఏ ట్రేలో ఎన్నో గుంటలో ఉందో రిజిస్టర్లో రాయకుండా మూత తీయదు కాబట్టి అందరం ఆవిణ్ణి నిక్కచ్చమ్మ అనేవాళ్ళం. ఆ నిక్కచ్చమ్మ మీద పదిమంది ముందు గొంతు చించుకుని అరిచాను. తూర్పు గొట్టాల్లో పడమరవి కలిపేసిందనీ, మూడేళ్ళ కష్టం మంటగలిపిందనీ, ఇంట్లో కూర్చోక ఈ ఉద్యోగాలెందుకనీ అన్నాను. ఆ చివరి మాట ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది. ఆవిడ తన రిజిస్టరు తెచ్చి నా టేబుల్ మీద పెట్టి, చేతి తొడుగులు విప్పి డబ్బాలో వేసి వెళ్ళిపోయింది. మర్నాడు ఆవిణ్ణి స్టోరు గదికి మార్చారు.

ఆ సాయంత్రం అన్నయ్యకు ఫోన్ చేసి ఏడ్చాను. ఆఫీసు సంగతులు ఆయనతో చెప్పుకోవడం నాకు మందు వేసుకున్నట్టు. అంతా విని, "ఆవిడ వాలకం చూస్తే నాకు ముందే అనిపించింది. బాధపడకే. ఎవరో చేసిన తప్పుకు నువ్వేం చేస్తావ్?" అన్నాడు.

గొట్టాల్లో మిగిలిన పెంటికలతో మళ్ళీ మొదలుపెట్టాను. ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. పదకొండు రోజులు ల్యాబులోనే ఉండి, అన్నీ నా చేత్తోనే చేశాను. అదే నలభై ఒకటి వచ్చాయి. అంటే కలిసింది ల్యాబులో కాదు, గొట్టం మూత బిగించక ముందే. నిక్కచ్చమ్మ రిజిస్టరు అప్పుడు తెరిచాను. కొట్టివేత ఒక్కటి లేదు.

పన్నెండో రోజు తెల్లవారగానే అన్నయ్యకు చెప్పకుండా తూర్పు వైపు దిగాను. అప్పటికీ మనసు ఏవేవో సాకులు వెతుకుతూనే ఉంది. పెట్టెలు తారుమారయ్యాయేమో, చీటీలు ఊడిపోయాయేమో అనుకుంటూ నడిచాను. ముప్పై నాలుగో గడిలో ఎర్ర రిబ్బను ఒక్కటీ లేదు. ముప్పై అయిదులో లేదు. నలభై రెండుకి పోవడానికి నాలుగేళ్ళ కింద ఇద్దరం కలిసి నరికిన దారే లేదు, మనిషెత్తు ముళ్ళు మూసేశాయి. ఏడాదికి నాలుగుసార్లు మనిషి నడిచిన దారి అలా మూసుకుపోదు. ఈ ముక్క నాకు నేర్పింది అన్నయ్యే.

రెండు రోజులు పాక్కుంటూ తిరిగాను. పెంటికలు అరుదు. మొత్తం మీద తొమ్మిది గొట్టాలు నిండాయి. ఏరిన ప్రతిచోటా రిబ్బను కట్టాను. ఆ వైపంతటికీ కొత్త రిబ్బన్లు నావి తొమ్మిదీ. మొదటి నెలవి, ఎండకు తెల్లబోయినవి, వాగు దగ్గర ఏడు కనబడ్డాయి. పాడైనవని నేను పారేసిన ఏడు గొట్టాలు ఆ ఏడే. ఆరొందల నలభైలో తూర్పు గురించి నిజం చెప్పినవి అవే, వాటినే నేను వెళ్ళగొట్టాను. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టయింది నా బతుకు.

రెండో రోజు మధ్యాహ్నం క్వార్టర్సుకి వెళ్ళాను. అన్నయ్య వరండాలో కుర్చీ వేసుకుని మోకాలికి నూనె రాసుకుంటున్నాడు. వెనక తొట్టి దగ్గర పెద్దమ్మ నీళ్ళు తాగుతోంది. నన్ను చూసి చీలిన చెవి ఒకసారి ఆడించి మళ్ళీ తల వంచింది. దాని తప్పేం లేదు పాపం.

"ఇదేంటే, ఆదివారం కాకుండా వచ్చావ్?" అన్నాడు అన్నయ్య.

"నలభై రెండో గడికి ఎప్పుడెళ్ళావు అన్నయ్యా?"

"పోయిన నెల. పుస్తకంలో రాశానుగా."

"దారెలా ఉంది?"

"బానే ఉంది. అక్కడక్కడా ముళ్ళు."

నా చేతులు రెండూ చాపి చూపించాను. మోచేతుల దాకా గీసుకుపోయి ఉన్నాయి. ఆయన వాటి వంక చూసి, నూనె సీసాకు మూత పెట్టి, మళ్ళీ తీసి, మళ్ళీ పెట్టాడు. రిబ్బన్లేవి అని అడిగాను. అప్పటిదాకా గుమ్మంలో నిలబడి ఉన్న వదిన లోపలికి వెళ్ళి, మంచం కింద నుంచి ఒక అట్టపెట్టె లాక్కొచ్చి మా ఇద్దరి మధ్యా పెట్టింది. ఎర్ర రిబ్బన్లు, యాభై చొప్పున కట్టలు, రబ్బరు బ్యాండు కూడా విప్పలేదు.

"ఎన్నిసార్లు చెప్పాను మీకు" అని వదిన అన్నయ్యతో అని, నా మొహం చూడలేక లోపలికి వెళ్ళిపోయింది. అంటే వదినకూ తెలుసు.

"ఏడు రోజులు వెళ్ళానే, ఒట్టు" అన్నాడు అన్నయ్య. "ఎనిమిదో రోజు వాగు గట్టు మీంచి జారాను. మోకాలు కటుక్కుమంది. వారం పోతే సర్దుకుంటుంది కదా అనుకున్నా. ఆ వారానికి ఖాళీ పెట్టె పంపితే నీకు మాటొస్తుందని ఇక్కడే ఏరి నింపాను."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే ఇంకొకణ్ణి పెట్టేదానివి."

"పెట్టేదాన్నే."

"మరి?"

ఆయనే అన్నాడు, "తర్వాత నువ్వే ఫోన్ చేశావు. తూర్పు గొట్టాలు బంగారంలా ఉన్నాయి అన్నయ్యా, డీఎన్ఏ పుష్కలంగా వచ్చింది అన్నావు. అంత సంతోషంగా ఉన్నదానికి ఏం చెప్పను?"

"పెరట్లోవి, వేడి ఆరక ముందు ఏరినవి, పుష్కలంగా రాక చస్తాయా! భోజనాల దగ్గర నువ్వు నన్నడిగింది అందుకేనా? తూర్పువి పడమరవి పోలుస్తారా అని?"

తల వంచుకున్నాడు. మోకాలు నొప్పి నేను క్షమించగలను. పని పోతుందన్న భయం క్షమించగలను. నేను అన్నం చల్లారబెట్టుకుని, ఇష్టంగా, ఒక్కొక్క ముక్కా విడమర్చి చెబుతుంటే, అందులో తను దూరే కన్నం ఎక్కడుందా అని చూస్తూ కూర్చున్నాడు చూడండి, అది నా వల్ల కాలేదు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడి సంగతేమో గానీ పెంటికలు పట్టించాయి.

"నిక్కచ్చమ్మను అన్ని మాటలన్నానని ఫోన్లో నీకు చెప్పుకుని ఏడ్చానే, అప్పుడైనా నోరు విప్పావా? ఆవిడ వాలకం చూస్తే ముందే అనిపించిందన్నావు!"

"ఆ క్షణంలో ఏదో అనేశాను."

"కమిటీ ముందు చెప్పేస్తాను అన్నయ్యా. ఆ తూర్పు జింకలకు ఇంకో దారి లేదు."

అప్పుడు తలెత్తాడు. చిన్నప్పుడు నాకు రోడ్డు దాటడం నేర్పినప్పటి గొంతుతో, ఓపిగ్గా, నా మంచికే చెబుతున్నట్టు చెప్పాడు. "కడుపు చించుకుంటే కాళ్ళ మీదే పడుతుందే. నన్ను తీసేస్తారు, సరే. నిన్ను మాత్రం ఉంచుతారా? ఏమీ లేదని ఆ కాగితం మీద రాసింది నువ్వు. నేను రాయలేదు."

ఈ మాట ఆయన అప్పటికప్పుడు అనుకున్నది కాదు. ఎప్పుడో అనుకుని, అవసరం పడితే తీద్దామని దాచుకున్నది. ఆయన కోసం నేను చేసిన తప్పుని ఆయన నా కోసం పదును పెట్టి ఉంచాడు. నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండిపోయింది. తొమ్మిది గొట్టాలూ సంచీలో వేసుకుని, అట్టపెట్టె కూడా చంకన పెట్టుకుని, చెప్పకుండా వచ్చేశాను.

మర్నాడు స్టోరు గదికి వెళ్ళాను. నిక్కచ్చమ్మ ఖాళీ సీసాలు లెక్కపెడుతోంది. జరిగిందంతా చెప్పాను, అన్నయ్య అన్న మాటతో సహా. క్షమించమన్నాను. ఆవిడ చేతిలో సీసాను దాని వరసలో పెట్టి నా వైపు తిరిగింది.

"నన్ను తిట్టింది ఈ గదిలోనా?"

"కాదు."

"మరి ఇది ఈ గదిలో చెబితే ఎలా చెల్లుతుందమ్మా? ఎంతమంది ముందు అన్నారో అంతమంది ముందూ చెప్పండి. అప్పుడు ఆలోచిస్తాను." మళ్ళీ తనే, "గొట్టాలు ఎన్ని తెచ్చారు?" అంది.

"తొమ్మిది."

"ఇలా ఇవ్వండి" అని చేతి తొడుగులు వెతుక్కుంది.

నా తొమ్మిదీ, పక్కన పెట్టిన ఏడూ కలిపి చేశాం. పదహారు గొట్టాల్లో తేలింది ఆరే జింకలు. అన్నీ ఒకే తల్లి సంతతి. బయటి నుంచి మగ జింక వచ్చి ఎన్ని తరాలైందో తెలియదు. వరసైనవాడు దొరక్క, ఆ ఇంటివాళ్ళే ఆ ఇంటివాళ్ళతో పిల్లల్ని కంటున్నారు. పడమర జింకలకు వాటితో చుట్టరికం దాదాపు లేదు. హైవే దగ్గర గీత ఉంది. నేను లేదని పేపర్లో చెప్పిన గీత. నిక్కచ్చమ్మ అంకెలు రిజిస్టర్లో ఎక్కించి, కింద సంతకానికి చోటు వదిలి, పెన్ను నాకిచ్చింది. మీటింగుకి ఆరు రోజులుంది.

నిజాయితీగా చెబుతున్నాను, ఆ ఆరు రోజుల్లో మూడుసార్లు వెనక్కి తగ్గాను. తూర్పు గొట్టాలు ఏ కారణం చేతో పాడయ్యాయని ఒక్క ముక్క రాసేస్తే అన్నయ్యా బయటపడడు, నేనూ బయటపడను, ఇంకో ఏడాది గడువూ వస్తుంది. ఆ ముక్క రాసి కూడా చూశాను. ఆ "ఏ కారణం" ఎవరని అందరూ చూస్తారో నాకు తెలుసు. స్టోరు గది వైపు చూస్తారు. చింపేశాను.

మీటింగు హాల్లో పొడుగు బల్ల, మనిషికో నీళ్ళ గ్లాసు, గోడ మీద నేను గీసిన అడవి పటం. తూర్పూ పడమరా ఒకే రంగు. తల దగ్గర కమిటీ అధ్యక్షుడు, ఆయన పక్కన మా డైరెక్టరు, ఎదురుగా రోడ్డు ఇంజినీరు. నమూనాలు సేకరించిన వాళ్ళు కూడా వచ్చి సంతకం చేయాలి కాబట్టి అన్నయ్య చివరి వరసలో కూర్చున్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. ల్యాబు వాళ్ళందరినీ రమ్మని నేనే అడిగాను. నిక్కచ్చమ్మ నా వెనక కుర్చీలో కూర్చుంది.

నేను లేచి, గోడ మీద పటం తప్పన్నాను. తూర్పు గొట్టాల్లో ఏడు తప్ప మిగతావన్నీ తూర్పువి కావు, పన్నెండో గడిలో ఒక ఇంటి వెనక ఏరినవి అన్నాను. ల్యాబులో ఏ తప్పూ జరగలేదు, జరిగిందని పదిమందిలో ఒక మనిషిని అవమానించింది నేను, ఆవిడకు ఇక్కడే క్షమాపణ చెబుతున్నాను అన్నాను. అట్టపెట్టె బల్ల మీద బోర్లించాను. ఎర్ర కట్టలు దొర్లుకుంటూ ఇంజినీరు గ్లాసు దాకా పోయాయి. తూర్పున ఆరే జింకలు తేలాయి, వంతెన లేకపోతే ఆ ఇల్లు ఆరిపోతుంది అన్నాను.

డైరెక్టరు గారి మొహంలో నెత్తుటి చుక్క లేదు. అధ్యక్షుడు కళ్ళజోడు తీసి అడిగాడు. "ఇంత పొరపాటు మీ కంట మూడేళ్ళు ఎందుకు పడలేదు?"

"నేను ఆయన్ని అనుమానించలేదండీ. ఆయన మా అన్నయ్య. ఒక తల్లి పిల్లలం. కాగితం మీద ఏ సంబంధం లేదని రాశాను. అది అబద్ధం."

అందరి తలలూ చివరి వరస వైపు తిరిగాయి. అన్నయ్య కుర్చీ పట్టుకుని మెల్లగా లేచాడు. తప్పయిందండీ అంటాడనుకున్నాను. అంతా విన్నాక కూడా, ఆ క్షణం దాకా, అదే అంటాడనుకున్నాను.

"నాకూ మేడమ్ గారికీ ఏ సంబంధం లేదండీ" అన్నాడు. "కాగితం చూసుకోండి, ఆవిడ చేతి రాతే. నేను తూర్పు నుంచి తెచ్చినవి తూర్పువే. తర్వాత ఎక్కడ ఏం కలిపారో నాకేం తెలుసు? ఇప్పుడు తప్పు దొరికేసరికి నా మీద తోస్తున్నారు."

అధ్యక్షుడు ఫైలు తిరగేసి ఆ కాగితం బయటికి తీశాడు. చదివి, నా వంక, అన్నయ్య వంక చూశాడు. మా ఇద్దరికీ అమ్మ ముక్కే వచ్చింది, కాస్త పొడుగ్గా, కొన దగ్గర కుడికి వంగి. ఆయన చూశాడో లేదో తెలియదు. వెనక నుంచి నిక్కచ్చమ్మ నా చెవి దగ్గరకు వంగి, "రెండు గొట్టాలు తెమ్మంటారా?" అంది.

ఆవిడ అన్నది నిజమే. చెరో చుక్క ఉమ్మి చాలు. జింకల్లో తల్లీ పిల్లల్ని, అన్నాచెల్లెళ్ళని తేల్చిందాన్ని, మమ్మల్ని తేల్చడం నా బల్ల మీద ఒక్క పూట పని. ఆయన అప్పుడే ఆడిన అబద్ధం ఆ పూటతో తేలిపోతుంది, దాంతో మూడేళ్ళుగా ఆడినదాన్నీ ఎవరూ నమ్మరు. కానీ అన్నయ్య నాకు అన్నయ్యేనని గొట్టంలో రుజువు చేసి పదిమందికి చూపించడం నా చేత కాలేదు.

"వద్దు" అన్నాను. తర్వాత అధ్యక్షుడితో, "నా మాట నమ్మొద్దండీ. ఆయన మాటా నమ్మొద్దు. మా ఇద్దర్నీ తీసేసి, ఎవరికీ ఏమీ కాని మనిషిని తూర్పుకి పంపండి. వచ్చిన ప్రతి గొట్టాన్నీ ప్రతి గొట్టంతో పోల్చమనండి. ఎలా చేయాలో ఈవిడకు తెలుసు" అన్నాను.

అలాగే రాసుకున్నారు. రోడ్డు పని ఆపి, ఏడాదిలో మళ్ళీ ఏరించాలన్నారు. ల్యాబు నిక్కచ్చమ్మకు అప్పగించారు. నన్ను సాయంత్రంలోగా తాళాలు ఇచ్చేయమన్నారు. నిక్కచ్చమ్మ లేచి, నా ముందు ఆగి, "ఇప్పుడు చెల్లింది" అని, రిబ్బను కట్టలన్నీ ఏరి పెట్టెలో సర్దుకుని వెళ్ళిపోయింది.

గది ఖాళీ అయ్యింది. అన్నయ్య చివరి వరస నుంచి గోడ పట్టుకుంటూ వచ్చాడు. మోకాలు నిజంగానే బాగా వాచి ఉంది, ప్యాంటు మీంచి తెలుస్తోంది. నా పక్కకు వచ్చేసరికి ఆగాడు. ఏదైనా అంటాడని తల ఎత్తాను. కళ్ళు నా మీద కాకుండా గోడ మీది పటం మీద పెట్టాడు.

"వస్తానండీ" అన్నాడు.

"మంచిదండీ" అన్నాను.